గోడ మీద మట్టి రంగు

నా చిన్నప్పుడు మా ఇంట్లో ఆరేళ్ల పిల్లను అడిగినా చెప్పే సంగతి ఒకటుండేది, పిల్లలూ. ఎర్ర రంగులో ఆకుపచ్చ కలిపితే మట్టి రంగు వస్తుందని. మా నాయిన బట్టలకు రంగులు వేసేవాడు. చండ్రుగొండ చుట్టుపక్కల ఊళ్ల నుంచి, అడవి అంచు గూడేల నుంచి వెలిసిపోయిన చీరలు, పంచెలు తెచ్చి మా అరుగు మీద పెట్టి పోయేవాళ్లు. నాయిన గంగాళంలో నీళ్లు మరిగించి, రంగు పొడి వేసి కట్టెతో తిప్పేవాడు. బట్ట కొసను ఒక్కసారి ముంచి చూస్తే చాలు, ఇంకెంత పొడి పడాలో చెప్పేసేవాడు. ఆయన చేతులు మోచేతుల దాకా ఎప్పుడూ ఏదో ఒక రంగులోనే ఉండేవి.

నాకు పదకొండేళ్లప్పుడు ఆయన కళ్లు మసకబారాయి. ఖమ్మంలో దవాఖానాకు తీసుకుపోతే కంటి నరం ఎండుతోందన్నారు. మందులు వాడండి, చూపు నిలిస్తే నిలుస్తుంది, లేకపోతే లేదన్నారు. రంగు కనబడని రోజు నేను బతకనని ఆయన అమ్మతో అనడం తలుపు వెనక నుంచి నేను విన్నాను. మూడు నెలలు గడిచాక ఒక పొద్దున మంచం మీద నుంచి లేచి, "ఇయ్యాల మంచిగ కనబడుతంది" అన్నాడు. అమ్మ పొయ్యి ముందు కూర్చున్నది కూర్చున్నట్టే ఏడ్చింది.

ఆ సంతోషంలో నాయినకు ఏదైనా కొత్తది చూపించాలని నాకు బుద్ధి పుట్టింది. మా పక్కిల్లు మైకుసెట్టు చాచాది. పెళ్లిళ్లకు మైకులు, రంగు బల్బుల తోరణాలు కిరాయికి ఇచ్చేవాడు. మీరు మొన్న వీడియోలో చూపించారే, పెట్టెలో వచ్చిన సామాను బిగించి రంగులు కలిపే ఎల్‌ఈడీ బోర్డు చేశామని, అలాంటిదే నేనూ ఆయన దగ్గర కూర్చుని చేశాను. మీ పెట్టెలో దీపాలు, తీగలు, ఎలా కలపాలో చెప్పే బొమ్మల పుస్తకం అన్నీ ఉన్నాయి. నాకు చాచా మూలకు పడేసిన సామానే పెట్టె. ఒక చెక్కపలకకు మూడు టార్చి బల్బులు బిగించాం. వెలుగు ముందుకు కొట్టేలా ఒక్కోదాని వెనక రేకు డబ్బా మూత పెట్టాం. ముందు ఎరుపు, ఆకుపచ్చ, నీలం గాజుకాగితాలు కట్టాం. రేకు ముక్కలు వంచితే అవే స్విచ్చులు. తీగ మీది తొడుగును నేను పళ్లతో లాగబోతే చాచా నెత్తిన ఒక్కటిచ్చి, "పండ్లూడితే నీ పెండ్లి నేను చెయ్యాల్నా, మీ అమ్మ చెయ్యాల్నా?" అన్నాడు.

అంతా అయ్యాక ఎరుపు వెలిగించి దాని మీదికి ఆకుపచ్చ వేశాం. సున్నం గోడ మీద పసుపు విచ్చుకుంది. నేను నమ్మలేదు.

"తప్పు చాచా. మట్టి రంగు రావాలె."

"అది మీ నాయిన గంగాళంల, బేటీ. బల్బు ఎలుగు లెక్క వేరు. రంగులు కలిస్తే నల్లబడుతయి, ఎలుగులు కలిస్తే తెల్లబడుతయి" అని మూడో బల్బు కూడా వెలిగించాడు. నిజంగానే మూడూ కలిసిన చోట గోడ తెల్లబడింది.

మరునాడు మధ్యాహ్నం ఆ పలకను మా రంగుల గదిలో పెట్టి, కిటికీకి గోనెసంచి కట్టి చీకటి చేశాను. నాయినను చేయి పట్టుకుని తెచ్చి గోడకెదురుగా కూర్చోబెట్టాను. చాచా ఆయన పక్కన కూర్చున్నాడు, అమ్మ గడపలో నిలబడింది.

"ఎరుపు చూడు నాయినా!"

"మస్తుంది బిడ్డా."

"ఇప్పుడు దాంట్ల ఆకుపచ్చ కలిపిన. ఏమైందో చెప్పు!"

నాయిన నవ్వాడు. "రంగులేసేటోని బిడ్డవై ఉండి నన్నడుగుతున్నవా? మట్టి రంగు. ఇంకేమైతది?"

గోడ నిండా పసుపు. ఆయన కళ్లు దాని మీదే ఉన్నాయి. అమ్మ కొంగు నోట్లో కుక్కుకుని అవతలికి పోయింది. నేను నోరు తెరిచేలోపు చాచా నా చెయ్యి నొక్కిపట్టి, "అవ్ అన్నా, మట్టి రంగే. నీ ముందల మా ఆటలు నడుస్తయా!" అన్నాడు. ఆయన గొంతు నవ్వుతోంది, కళ్లలో మాత్రం నీళ్లు తిరుగుతున్నాయి. పెద్దవాళ్లు ప్రేమతో ఇలా చేస్తారు కాబోలని ఆ క్షణంలో నేర్చుకున్నాను.

ఆ సాయంత్రం నాయిన నన్నొక్కదాన్నే అరుగు మీదికి పిలిచాడు. నా తల మీద చెయ్యి పెట్టబోతే ముందు భుజం తగిలింది, తరువాత చెవి, ఆ తరువాత తల. గొంతు బాగా తగ్గించి అడిగాడు. "నిజం చెప్పు బిడ్డా. గోడ మీద ఏం రంగొచ్చింది?"

నేర్చుకున్న పాఠం నా నోటి దగ్గరే ఉంది. "మట్టి రంగే నాయినా" అన్నాను.

ఆయన చెయ్యి కాసేపు నా తల మీదే ఉంది. తరువాత తీసేసి, "సరే తియ్" అన్నాడు.

ఆ తరువాత నాయిన నన్ను ఏ రంగూ అడగలేదు. అమ్మా నేనూ గంగాళంలోకి చూసి, "ఎరుపు కొంచెం తక్కువైనట్టుంది గదా" అనేవాళ్లం. "అవ్, నేనూ అదే చూస్తున్న" అనేవాడు. నాలుగేళ్లు, ఆయన పోయేదాకా, ఒక్క గదిలో ముగ్గురం అలాగే అబద్ధమాడుకున్నాం. ఆయన చీకట్లో ఒక్కడే కూర్చున్నాడు. ఆ సాయంత్రం తలుపు తీసి రమ్మని పిలిచింది నన్నే. ఆ తలుపు మూసింది కూడా నేనే.

చాచాను తప్పు పట్టను. నలుగురి ముందు స్నేహితుడి పరువు నిలబెట్టాడు. ఆ మాట ఆ గదికి సరిపోయింది. అరుగు మీదికి సరిపోదని పదకొండేళ్ల పిల్లకు తెలియలేదు.

అప్పటి నుంచి నాకు ఒక్కటే అంటుకుని ఉంది. ఒక మనిషి ఒకసారి అడిగిన మాటనే గొంతు తగ్గించి రెండోసారి అడిగితే, మొదట చెప్పిన జవాబు నేను మళ్లీ చెప్పను. కిందటేడు దవాఖానాలో మీ తాతయ్య, "ఇగ ఇంటికి పోతనా?" అని మీ అందరి ముందు ఒకసారి అడిగారు. మీరు బయటికి వెళ్లాక నన్నొక్కదాన్నే మళ్లీ అడిగారు. పోలేరని చెప్పాను. నా చెయ్యి గట్టిగా పట్టుకుని ఏడ్చారు. నేనూ ఏడ్చాను. మా నాయినకు ఆ మాత్రం కూడా దక్కలేదు.