కాలువ గట్టున ముగ్గు

తమ్ముడు పోయిన పక్షం రోజులకు గుడియాత్తం బజారులోని ఒక హాల్లో సంతాప సభ పెట్టారు. మైకు ముందుకొచ్చిన ప్రతి ఒక్కరూ వాడిని ప్రకృతి ప్రేమికుడన్నారు. నేను మూడో వరుసలో కూర్చుని విన్నాను. వాడు ప్రకృతి గురించి మాట్లాడగా నేనెప్పుడూ వినలేదు. ఒక కాలువ గురించి మాట్లాడేవాడు. ఆ హాల్లో ఆదివారాలు వాడితో పార పట్టినవాళ్లు ఆరుగురున్నారు. వాళ్లందరూ వెనక గోడకు ఆనుకుని నిలబడ్డారు. వాళ్లను మైకు దగ్గరికి ఎవరూ పిలవలేదు.

మా ఊరు తమిళనాడులో, వేలూరు నుంచి పోతే గుడియాత్తానికి కొంచెం ఇవతల, కె.వి.కుప్పం నుంచి వచ్చే దారిలో ఉంటుంది. కౌండిన్య నదికి నీళ్లొచ్చినప్పుడు ఆ నీటిని మా చెరువుకు చేర్చే కాలువ ఒకటుంది. అది రోడ్డు పక్కగా వచ్చే చోట చాలాకాలంగా చెత్త పోస్తున్నారు. కూల్చిన ఇళ్ల ఇటుకలు, కోళ్ల అంగళ్ల ఈకలు, తోలు ముక్కలు, ప్లాస్టిక్ సంచులు. కొన్నాళ్లకు దాని మీద మన్ను తోలతారు. ఆ మన్ను మీద నాలుగు రాళ్లు పాతితే అది ఎవరిదో స్థలం అయిపోతుంది. రెండేళ్లుగా చెరువుకు నీళ్లు రాలేదు. చెరువు కింది బావులు ఎండాయి, తమ్ముడి బావితో సహా. అక్టోబరు నడుమ మొదలయ్యే ఐప్పసి నెల వానలకు ముందే సర్వేయరు వచ్చి కాలువను కొలిచి హద్దు రాళ్లు పాతాలని తమ్ముడు వేలూరు కలెక్టరాఫీసులో అర్జీ ఇచ్చాడు. మా వైపు అర్జీని మను అంటారు. మను ఇచ్చిన నెలకు పొలంలో కూలబడి పోయాడు. అర్జీ మాత్రం వాడి పేరుతో ఆఫీసుల్లో తిరుగుతూనే ఉంది.

నేను వేలూరులో ఉంటాను. ఒక కాలేజీ లైబ్రరీలో పనిచేసి రిటైరయ్యాను. తమ్ముడు పోయాక ఆదివారం ఆదివారం బస్సెక్కి ఊరికి పోవడం మొదలుపెట్టాను. నన్ను ఎవరూ రమ్మనలేదు. పోకుండా ఉండలేకపోయాను, అంతే.

మొదటిసారి పోయినప్పుడు మరదలు వాడి సంచి తెచ్చి నా చేతికిచ్చింది. అందులో కొలత టేపు, కళ్లజోడు, ఒక నోటుపుస్తకం ఉన్నాయి. మా ఇంట్లో అందరూ తెలుగు మాట్లాడతారు, చదవడం మాత్రం తమిళమే. తెలుగు అక్షరాలు నేను లైబ్రరీలో ఖాళీ వేళల్లో నేర్చుకున్నాను. తమ్ముడు నేర్చుకోలేదు. అందుకే వాడు తెలుగును తమిళ అక్షరాలతో రాసుకునేవాడు. "అక్కా, నువ్వు చదివే పుస్తకాల్లో మనుషులు మన మాదిరి మాట్లాడరే, వాళ్లు యాడోళ్లు?" అని అడిగేవాడు. నేను ఆ నోటుపుస్తకం తెరవలేదు. వాడి చేతిరాత చూడటానికి మనసొప్పలేదు. ఆ ఒప్పకపోవడం వల్ల ఏం జరిగిందో చెప్పాలి.

ఆదివారం పని, అంటే చెత్తకు దిగువన కాలువలో పూడిక తీయడం, ఏడు గంటలకు మొదలయ్యేది. నలుగురైదుగురు ఆడవాళ్లు, లుంగీలు నేసే ఒకాయన, నా మరదలు. గుడియాత్తం బజారులో పప్పుల అంగడి నడిపే ఆయన మజ్జిగ క్యాన్లు తెచ్చేవాడు. ఆయన పార ముట్టడు. కానీ ఏ ఆఫీసులో ఎవరు ఏ పూట సీట్లో ఉంటారో ఆయనకు తెలుసు. పార పట్టేవాళ్లకంటే ఆయన అవసరం తక్కువేమీ కాదని నాకు తర్వాత అర్థమైంది. ఆడవాళ్లలో పెద్దామె ఒకతె నూరు రోజుల ఉపాధి పనికి పోయే మనిషి. నోరు గట్టిది. నేను మొదటి రోజు పార అందుకుంటే నిలబడి చూసింది.

"ఏమమ్మా, పారను అట్ల పైకెత్తి చూస్తాండావు? దాంట్లో ఏమన్నా రాసుండాదా?"

అందరూ నవ్వారు. నా మరదలు కూడా నవ్వింది. వాడు పోయాక ఆమె నవ్వడం నేను చూడటం అదే మొదలు. అందుకని నాకేమీ అనిపించలేదు.

ఐప్పసికి ముందొచ్చే పురట్టాసి నెలలో ఒక సోమవారం పప్పుల అంగడాయన ఫోన్ చేశాడు. "అమ్మా, మీ తమ్ముడి మను కదిలింది. ఆర్.ఐ. బుధవారం పది గంటలకి కాలవ చూడను వస్తాండాడు. వీఏఓని అడిగి తెలుసుకుంటి." ఆర్.ఐ. అంటే రెవెన్యూ ఇన్‌స్పెక్టరు, వీఏఓ అంటే ఆయన కింద ఊరి లెక్కలు చూసే అధికారి. ఆయన వచ్చి కాలువ పూడిపోయిందని రాస్తే ఆ కాగితం సర్వే వాళ్ల దగ్గరికి పోతుంది. వానలకు ముందే రాళ్లు పడతాయి.

నేను వెంటనే మరదలికి ఫోన్ చేశాను. "బుధవారం అధికారి వస్తాడు. అందరినీ ఉండమను" అన్నాను. ఇంకేమీ చెప్పలేదు. చెప్పాల్సింది ఏదైనా ఉందని నాకు తోచలేదు.

బుధవారం బస్సు కె.వి.కుప్పంలో సంత జనం ఎక్కేదాకా ఆగింది. దిగేసరికి తొమ్మిదిన్నర దాటింది. రోడ్డు మలుపు తిరిగి చూసి నిలబడిపోయాను.

కాలువలో చెత్త లేదు. బస్టాపు దగ్గర నుంచి మోరీ దాకా ఒక్క సంచి లేదు, ఒక్క ఇటుక లేదు. అడుగున ఎర్రమన్ను కనిపిస్తోంది. గట్టు ఊడ్చి పేడనీళ్లు చల్లారు. ఆరిన చోట పెద్ద చుక్కల ముగ్గు వేశారు. ఆడవాళ్లు తలస్నానాలు చేసి మంచి చీరలు కట్టుకుని వరసగా నిలబడ్డారు. మరదలు చేతిలో ముగ్గుపిండి డబ్బా ఉంది.

"ఏమ్మా ఇది?" అన్నాను.

"నిన్న తెల్లారినప్పటి నుంచి చేస్తానే ఉండాము వదినా. చీకటి పడేలోగా అయిపోయింది. అంత పెద్దాయన వస్తాండాడు, గలీజులో నిలబెట్టి మాట్లాడితే ఏమనుకుంటాడు? మీ తమ్ముడు పెట్టిన మను కదా. ఆయప్ప పరువు కదా."

"చెత్త యాడ పెట్టినారు?"

"మన చేన్లోనే. మోటారు కొట్టం పక్కన. ఇంగ యాడ పెడతాము?"

నేను ముగ్గు వైపు చూశాను. చావు జరిగిన ఇంటి ముందర ఏడాది తిరిగేదాకా మావాళ్లు ముగ్గు వేయరు. తమ్ముడు పోయినప్పటి నుంచి ఆమె వాకిలి బోసిగానే ఉంది. ఇన్ని నెలల తర్వాత ఆమె వేసిన మొదటి ముగ్గు అది. చెత్త చూపించాల్సిన రోజు ఊడ్చేస్తారా, బుద్ధి లేదా అనబోయి ఆగాను. అసలు ఆ మాట నన్ను నేను అనుకోవాల్సింది.

ఆర్.ఐ. వీఏఓ వెనక బండి మీద వచ్చాడు. చిన్న వయసు. ఆయన తమిళంలోనే మాట్లాడాడు. నాకు గుర్తున్నట్టు తెలుగులో రాస్తున్నాను.

"చెత్త ఎక్కడమ్మా?"

"మొన్నటిదాకా ఇక్కడే ఉంది. వీళ్లు నిన్న తీశారు."

"మంచి పని చేశారు. మా ఇంటి వాకిలి కూడా ఇంత శుభ్రంగా ఉండదు. మరి మను ఎందుకు?"

"కాలువ కొలవడానికి. హద్దు రాళ్లు పాతడానికి."

ఆయన ఫైలు తెరిచి వేలు పెట్టి చూపించాడు. "చెత్త పోసి కాలువ పూడ్చినారు, అందుచేత కొలవాలి అని రాసుంది. పూడ్చింది ఏది?"

నేను ఫోన్‌లో పాత ఫోటోలు చూపించాను. ఆయన ఓపికగా అన్నీ చూశాడు. "ఇవి అప్పటివమ్మా. నేను ఈరోజు చూసింది రాయాలి కదా."

పప్పుల అంగడాయన ముందుకొచ్చి, "సార్, చెత్త చూస్తారా, రండి" అని చేలోకి తీసుకుపోయాడు. మోటారు కొట్టం పక్కన మూటలు నడుమెత్తున పేర్చి ఉన్నాయి. ఆర్.ఐ. చుట్టూ తిరిగి చూసి, "ఈ భూమి ఎవరిది?" అన్నాడు.

"మాదే" అంది మరదలు.

"పట్టా భూమిలో ఉన్న చెత్తకు నేనేం చేస్తానమ్మా? సొంతదారులే తీసేయాలి."

వీఏఓ మొహం పక్కకు తిప్పుకున్నాడు. నవ్వు ఆపుకోవడానికి అనుకుంటాను. ఆర్.ఐ. తిరిగి కాలువ దగ్గరికి వచ్చి, ముగ్గు తొక్కకుండా పక్కగా నిలబడి ఫోటో తీశాడు. ఆడవాళ్లు ఇచ్చిన మజ్జిగ తాగి దణ్ణం పెట్టి పోయాడు. అతని మీద కోపం తెచ్చుకోవడానికి కూడా నాకు వీలు లేకపోయింది.

"మంచోడే" అంది పెద్దామె. "ముగ్గు తొక్కలేదు, చూసినావా?"

తిరుగు బస్సులో నోటుపుస్తకం తెరిచాను. తమిళ అక్షరాల్లో ఉన్న తెలుగును కూడబలుక్కుంటూ చదవాలి. నడుమ ఒక పేజీలో ఇట్లా ఉంది. "మొదట ఫోటో. ఆఫీసరు చూసినంక పార. చూసేదాకా ఎవురూ ముట్టకూడదు, వాసనొచ్చినా సరే. మన ఆడోళ్లు ఊరికుండరు, ఊడ్చేస్తారు. ముందే చెప్పాల."

ముందే చెప్పాల అన్న మాట కింద రెండు గీతలు గీసి ఉన్నాయి. జీవితమంతా పుస్తకాల మధ్య గడిపిన మనిషిని. చదవాల్సిన ఒక్క పేజీ చదవలేదు.

శనివారం మరదలు ఫోన్ చేసింది. తమ్ముడి ఫోన్‌ను ఆమె ఇప్పటికీ రోజూ ఛార్జింగ్ పెడుతుంది. "వదినా, ఆయప్ప ఫోనుకి మెసేజి వచ్చింది. మను మీద చర్య తీసుకున్నారంట, ముగిసిపోయిందంట. కొలిచేది ఎప్పుడంట?"

"కొలవరు" అన్నాను.

"చచ్చిపోయినోడికి చెప్తా ఉండారు వదినా, అయిపోయిందని."

సోమవారం కలెక్టరాఫీసుకు పోయాను. మను ఇచ్చే రోజు గేటు దగ్గర పోలీసులు సంచులు వెతుకుతారు, ఒంటి మీద పోసుకోవడానికి ఎవరైనా కిరసనాయిలు తెస్తారేమోనని. నా నీళ్ల సీసా మూత తీసి వాసన చూసి ఇచ్చారు. ఈసారి అర్జీ నా పేరుతో రాశాను. చెత్త మాట ఎత్తకుండా కొలతతో మొదలుపెట్టాను. కౌంటర్‌లో ఆవిడ కంప్యూటర్ చూసి, "ఇది ముగిసిపోయింది కదా, మళ్లీ ఎందుకు?" అంది. చాలాసేపు చెప్పాక రసీదు ఇచ్చింది.

ఈమధ్య వేలూరులో నన్ను చాలామంది అడుగుతున్నారు, మేమేం చేయగలం అని. ఒక ఆదివారం రెండు కార్లలో పదిమంది వచ్చి, ఒకే రంగు టీషర్టులు వేసుకుని, గట్టు మీద మొక్కలు నాటి ఫోటోలు తీసుకుని పోయారు. నీళ్లు పోసేవాళ్లు లేక ఆ మొక్కలు ఎండిపోయాయి. వాళ్లు చెడ్డవాళ్లు కారు. కానీ మాకు కావలసింది తాలూకా ఆఫీసు బెంచీ మీద ఒక పూట కూర్చోగలిగిన మనిషి. గ్రామసభలో కాలువ మాట తీర్మానం పుస్తకంలోకి ఎక్కేదాకా లేవని మనిషి. ఆ పనుల్లో ఫోటో తీయడానికి ఏమీ ఉండదు. అట్లా చెబితే అడిగినవాళ్లు మొహమాటంగా నవ్వి మాట మారుస్తారు.

వారం తిరగకముందే కాలువలో మళ్లీ చెత్త పడింది. శుభ్రంగా ఉన్న చోటు కదా, పోయడానికి వాళ్లకు ఇంకా వీలైంది. నేను ఈసారి ముందే చెప్పాను. పూడింది కళ్లారా చూస్తేనే కొలతకు రాస్తారు కాబట్టి, అధికారి వచ్చి చూసేదాకా కాలువలో ఎవరూ ఏమీ ముట్టకూడదని. ఆదివారం అందరూ వచ్చి, చీర కొంగులు ముక్కుకు అడ్డం పెట్టుకుని గట్టు మీద కూర్చున్నారు. రెండో ఆదివారం కూడా అంతే.

"మీ తమ్ముడు పని చేయించినాడు, నువ్వు కూర్చోబెడతాండావు" అంది పెద్దామె. "ఇట్ల కూర్చునేదానికి నేను ఇంట్లో కూర్చుంటే టీవీ అన్నా చూద్దును కదమ్మా."

అధికారి ఆ వారమూ రాలేదు.

మూడో ఆదివారం రాకముందే వాన వచ్చింది. గురువారం పొద్దున మరదలు ఫోన్ చేసి, "వదినా, కౌండిన్యకి నీళ్లు వచ్చినాయి" అని పెట్టేసింది. నేను పోయేసరికి అందరూ గట్టు మీద ఉన్నారు. నీళ్లు కాలువలో వచ్చి, చెత్త కుప్ప దగ్గర ఆగి, ఉబ్బి, రోడ్డు వైపు తిరుగుతున్నాయి. ఇంకో గంటకు రోడ్డు దాటి, అవతలి పల్లంలో పడి, మళ్లీ నదిలోకే పోతాయి. పప్పుల అంగడాయన తాలూకా ఆఫీసుకు ఫోన్ మీద ఫోన్ చేస్తున్నాడు. ఆర్.ఐ. మీటింగులో ఉన్నాడట.

అందరి చేతుల్లో పారలున్నాయి. ఎవరూ దిగలేదు. నా వైపే చూస్తున్నారు. నేను చెప్పిన మాటను వాళ్లు అంతగా పట్టుకుంటారని అనుకోలేదు.

"వదినా, చెప్పు" అంది మరదలు. "నువ్వు వొద్దంటే వొద్దు."

ఆమె బావి ఎండి రెండేళ్లయింది. నేను ఫోన్ తీసి కుప్పను, ఆగిన నీటిని నాలుగు వైపుల నుంచి ఫోటోలు తీశాను. నోటుపుస్తకం సంచిలోనే ఉంది. అందులో ఏముందో నాకు తెలుసు.

"తీయండి" అన్నాను. నేను కూడా దిగాను.

సాయంత్రానికి ఒక మనిషి పట్టేంత దారి తెరిచాం. నీళ్లు నల్లగా, ఈకలతో, చెరువు వైపు పోయాయి.

తర్వాతి సోమవారం మళ్లీ కలెక్టరాఫీసులో వరసలో నిలబడ్డాను. మరదలు ఫోన్ చేసి, బావిలో ఒక మెట్టు మునిగిందని చెప్పింది. కౌంటర్‌లో అదే ఆవిడ. నేను ఫోటోలు చూపించాను. ఆమె ఒక్కొక్కటే జరిపి చివరిదాని దగ్గర ఆగింది. దారి తెరిచాక ఎవరో తీసి నాకు పంపిన ఫోటో అది.

"నీళ్లు పారుతున్నాయి కదమ్మా. ఇంకేం కావాలి?"

"కొలవాలి" అన్నాను.