డబ్బాలో దాచిన పాటలు

ధనరాజ్ లెక్కలో కెమెరా అంటే రీలు. రీలు నిండితే తీసి దాచుకోవాలి, కొత్తది వేసుకోవాలి, ఎప్పుడో వీలు చూసుకుని స్టూడియోలో కడిగించుకోవాలి. డిజిటల్ కెమెరా చేతికొచ్చాక కూడా ఆ లెక్క మారలేదు. మెమరీ కార్డు నిండగానే "రీలైపోనాది" అని ఇంకో కార్డు కొనుక్కొచ్చేవాడు. నిండినదాన్ని పాత చీర పేలికలో చుట్టి, బిస్కట్ల డబ్బాలో వేసి, డబ్బాని బీరువా మీదకి ఎక్కించేవాడు. ఫొటోలూ వీడియోలూ కంప్యూటర్లోకి దించేసుకుని అదే కార్డు మళ్లీ వాడుకోవచ్చన్న సంగతి అతనికి ఎవరూ చెప్పలేదు. చెప్పినా వినిపించుకుని ఉండేవాడా అంటే అదీ అనుమానమే. అతని చెవులు ఎప్పుడో గరివిడి ఫ్యాక్టరీ కొలిమికి అప్పగించేశాడు.

పుట్టింది నౌపడ దగ్గర. తండ్రి జోగయ్య ఉప్పుమళ్లలో పనిచేసి, పగిలిన కాళ్లతో ఇంటికొచ్చి, "నువ్వు మాత్రం ఈ మళ్లలోకి దిగకురా" అనేవాడు. కొడుకు ఆ మాట విన్నాడు. ఉప్పు వదిలి నిప్పు దగ్గరికి వచ్చాడు, అంతే తేడా. కరిగిన లోహం కొలిమిలోంచి బయటికి దూకే చోట అతని పని. అక్కడ ఒక మనిషి ఇంకో మనిషితో మాట్లాడాలంటే చెవిలో నోరు పెట్టి అరవాలి. పాతికేళ్లకి పైగా అలా అరిచీ, అరిపించుకునీ, ధనరాజ్‌కి సగం వినికిడి పోయింది, గొంతు మాత్రం రెట్టింపైంది. ఇంట్లో కూచుని "మంచినీళ్లియ్యే" అంటే పక్కింటివాళ్లు చెంబు పట్టుకుని వచ్చేలా ఉండేది.

అలాంటి మనిషికి దొరికిన భార్య జీవరత్నం. సొంత మేనమామ కూతురు. దొరల కాలంనాటి బాప్టిస్టు గుడిలో ఆదివారం పాట ఎత్తేది ఆమే. హార్మోనియం వాయించే రాబర్ట్ కూడా ఆమె ఏ శ్రుతిలో మొదలుపెడితే ఆ శ్రుతికి వేళ్లు జరుపుకునేవాడు. పెళ్లికి ముందు ఆమె కోసమే ధనరాజ్ క్వయర్లో చేరాడు. రెండో ప్రాక్టీసులోనే జీవరత్నం పాట ఆపేసి, అందరి ముందూ అంది.

"బావా, నువ్వు పాడకు. విను సాలు."

అందరూ నవ్వారు. అతనూ నవ్వాడు. కానీ ఆ మాట పట్టుకున్నాడు. కోపంతో కాదు, ఇష్టమైన మనిషి చెప్పిందని పట్టుకున్నాడు. పెళ్లయ్యాక కూడా ఆమె ముందు కూనిరాగమైనా తియ్యలేదు. సాయంత్రం ఇంట్లో ప్రార్థనకి కూచుంటే ఆమె పాడేది, అతను కళ్లు మూసుకుని వినేవాడు. చెవులు మందగించేకొద్దీ కొంచెం కొంచెంగా దగ్గరికి జరిగేవాడు. ఏళ్లు గడిచేసరికి మోకాలికి మోకాలు తగిలేంత దగ్గరికి వచ్చాడు. ఇంతకన్నా మంచి కాపురాలు ఉంటే ఉండొచ్చు, నేను మాత్రం చూడలేదు.

కెమెరా సంగతికి వస్తాను. ఫ్యాక్టరీలో సూపర్వైజర్ గణపతిరావు రిటైరై ఊరు మారుతూ తన పాత కెమెరా ధనరాజ్ చేతిలో పెట్టాడు. "బొమ్మకేం ఢోకా లేదు గానీ, కిందపడి దీని సౌండు పోయింది ధనరాజూ" అన్నాడు. "పోతే ఏటి బాబూ, నాకెలాగూ వినపడదు కదా" అన్నాడు ధనరాజ్, సంతోషంగా.

ఆ వారం నుంచి ఏ ఆదివారం చూసినా అతను మగవాళ్ల వైపు చివరి స్తంభానికి ఆనుకుని, క్వయర్ మీదకి కెమెరా గురిపెట్టి నిలబడి ఉండేవాడు. పాస్టరు గారు మొదట్లో గుర్రుగా చూశారు, తర్వాత చూడ్డం మానేశారు. ఆడవాళ్లు గుడికి అటువైపు, మగవాళ్లు ఇటువైపు. ముందు వరసలో జీవరత్నం పాడేది. పాట పాటకీ ఒక వీడియో. ఏ ఒక్కటీ తిరిగి చూసుకున్నది లేదు. పెళ్లై పాతికేళ్లు నిండిన పండగకి అన్నీ ఒకేసారి కడిగించాలనుకున్నాడు. ఆ పండగ దాటిపోయింది, ముప్ఫయ్యోది వస్తుంది కదా అనుకున్నాడు.

ముప్ఫయ్యోదానికి ముందే జీవరత్నం గొంతులో గడ్డ వచ్చింది. థైరాయిడ్ అన్నారు, తీసెయ్యాలన్నారు. విశాఖపట్నంలో డాక్టరు ముందే చెప్పాడు, మాటకి సంబంధించిన నరం పక్కనుంచే పోతుంది, గడ్డ దాన్ని చుట్టేసింది, గొంతు మారొచ్చు, ప్రాణానికి మాత్రం భయం లేదని. ప్రాణమే దక్కింది. గొంతు దక్కలేదు. నెలలు గడిచినా ఆమె నోట్లోంచి గాలిలాంటి బొంగురు గుసగుస తప్ప మరేమీ రాలేదు.

చూడండి ఆ ఇంటి అవస్థ. ఆమె గొంతు పెంచలేదు. అతనికి గుసగుస వినపడదు. అన్నం పెట్టనా అంటే చెయ్యి నోటి దగ్గర పెట్టి చూపించాలి. కూర బావుందంటే అతను తలూపాలి. అంతవరకూ చేతులతో సరిపోతుంది, పాటకి చేతులు సరిపోవు కదా. సాయంత్రం ప్రార్థనలో పాట ఉండాల్సిన చోట ఇద్దరూ మాట్లాడకుండా కాసేపు కూచుని, తర్వాత బైబిలు వాక్యం చదువుకునేవారు. గుడిలో ఆమె క్వయర్ వదిలేసి వెనక గోడ దగ్గర కూచోవడం మొదలుపెట్టింది. ధనరాజ్‌కి అన్నిటికన్నా పెద్ద భయం ఇంకొకటి. ఆమె గొంతు ఎలా ఉండేదో తలుచుకుంటే, రోజురోజుకీ సరిగ్గా గుర్తురావడం లేదు.

ఆమె పాట ఒక్కటైనా ఉందేమోనని కొత్తవలసలో కాపురముంటున్న కూతురు షాలిని ఫోన్లో వెతికారు. అందులో మనవడి ఏడుపు తప్ప మరేమీ లేదు. అప్పుడు ధనరాజ్ బీరువా మీంచి డబ్బా దించాడు.

ఒక కార్డు కెమెరాలో వేసి నొక్కాడు. చిన్న తెరమీద జీవరత్నం కనిపించింది. నోరు కదుపుతోంది, చప్పుడు లేదు, అచ్చం ఇప్పటిలాగే. కిందపడ్డ కెమెరా, వినిపించడమే మానేసిందా, వినడం కూడా మానేసిందా? ఇన్ని ఆదివారాలూ మూగ బొమ్మలే తీశాడా? కార్డు తీసి పేలికలో చుట్టి, డబ్బా సంకన పెట్టుకుని, భార్యని రమ్మని సైగ చేశాడు. ఆమె రానంది. పోయిన గొంతు మళ్లీ విని ఏం చేసుకుంటానన్నట్టు చెయ్యి తిప్పింది.

"నాకు సరిగ్గా ఇనబడదే. అందులో నీ గొంతు ఉన్నాదో నేదో నువ్వే ఇని సెప్పాలి" అన్నాడు. ఆ మాటకి ఆమె చెప్పులు తొడుక్కుంది.

స్టేషన్ రోడ్డులో కుమారి అనే అమ్మాయిది జిరాక్సు, ఇంటర్నెట్ షాపు. పాస్‌పోర్టు ఫొటోల దగ్గర్నుంచి హాల్‌టికెట్ల దాకా అన్నీ ఆమే. డబ్బా మూత తియ్యగానే కళ్లు పెద్దవి చేసింది.

"ఏటి మావా ఇది, కార్డుల కొట్టు పెడతావేటి? ఇన్నెందుకు కొన్నావు? ఒక్కటి సాలు కదా. కంప్యూటర్లోకి దించుకోడం, కార్డు తుడుసుకోడం, మళ్లీ తీసుకోడం."

"తుడిసేస్తే పోవేటి?" అన్నాడు ధనరాజ్, షాపంతా దద్దరిల్లేలా.

"ఇందులో ఉంటాయి కదా మావా. ఉండు, నాను సూపిస్తాను."

ఒక్కో కార్డూ పేలిక విప్పి రీడర్లో పెట్టింది. తెరమీద ఒక సంచిలోంచి కాగితాలు ఎగిరి ఇంకో సంచిలో పడుతున్నట్టు బొమ్మ వచ్చింది. ధనరాజ్ కంగారుపడిపోయి ఆమె చెయ్యి పట్టుకున్నాడు.

"ఎగిరిపోతన్నాయే! అటెల్లిపోతే ఇటేటి మిగుల్తాది?"

"ఎల్లిపోడం కాదు మావా, కాపీ. ఇక్కడా ఉంటాది, అక్కడా ఉంటాది. అన్నీ దిగినాయని సూసుకున్నాకే కార్డు తుడుస్తాను. నువ్వు ముందు కూకో."

కూచున్నాడు గానీ కళ్లు ఆ కాగితాల మీదే ఉన్నాయి. ముందు ఫొటోలు వచ్చాయి. సగం వాటిలో అతని బొటనవేలు, మిగతా సగంలో స్తంభం. రాబర్ట్ హార్మోనియం ఉంది, రాబర్ట్ తల లేదు. జీవరత్నం మాత్రం ప్రతిదాంట్లోనూ ఉంది, ఎంత వంకరగా తీసినా ఆమె ఒక్కతే తిన్నగా ఉంది. కుమారి ఆ సంగతి గమనించి అత్త వైపు చూసి నవ్వింది. జీవరత్నం తల దించుకుంది.

తర్వాత ఒక వీడియో మీద నొక్కింది కుమారి.

ధనరాజ్‌కి ఏమీ వినపడలేదు. స్పీకర్లు చిన్నవి, రోడ్డు మీద ఆటోల గోల. అతను తెరని వదిలేసి భార్య మొహం చూస్తూ కూచున్నాడు. ఆమె మొదట ముందుకి వంగింది. భృకుటి ముడిపడింది. తర్వాత కళ్లు పెద్దవయ్యాయి. చటుక్కున చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. భుజాలు కదిలిపోతున్నాయి, కళ్లవెంట నీళ్లు కారిపోతున్నాయి.

"ఉన్నాదా? నేదా? ఏటైనాదో సెప్పవే!"

ఆమె కొంగు తియ్యలేదు. కుమారి మొహం గోడకి తిప్పుకుంది. ఇంకేముంది, అయిపోయింది అనుకున్నాడు ధనరాజ్. ఇద్దరూ ఏడుస్తున్నారంటే గొంతు లేనట్టే. అప్పుడు జీవరత్నం కొంగు జారింది. ఆమె ఏడవడం లేదు. నవ్వుతోంది. నవ్వడానికి గొంతు లేక, ఒళ్లంతా ఊపేసుకుని నవ్వుతోంది.

కుమారి స్పీకర్లు పైకి తిప్పింది. ఈసారి ధనరాజ్‌కీ వినబడింది. ఎవరో మోటు మనిషి, శ్రుతీ లయా ఏమీ పట్టించుకోకుండా, గుండెలు చీల్చుకుని పాడుతున్నాడు. హార్మోనియం లేదు, కంజీర లేదు, క్వయర్ లేదు, అన్నిటినీ ఆ గొంతే మింగేసింది.

"ఎవుడాడు? నా కెమెరా పక్కన నిలబడి అరిసినోడు ఎవుడే?"

"నువ్వే మావా" అంది కుమారి.

నిజమే. పాడకూడదన్నది జీవరత్నం ముందు మాత్రమేనని అతను లెక్కేసుకున్నాడు. గుడికి అటు చివర, అంతమంది పాడే పాటలో, హార్మోనియం పక్కనున్న ఆమెకి వినపడదన్న ధైర్యంతో అతను ఏళ్ల తరబడి నోరారా పాడుకున్నాడు. ఎంత గట్టిగా పాడుతున్నాడో అతని చెవులు అతనికి చెప్పలేదు. చేతిలో ఉన్న కెమెరా మాత్రం దగ్గరున్న గొంతునే విన్నది. ఇంకో వీడియో పెట్టింది కుమారి. అందులోనూ అతనే. ఇంకొకటి. అతనే.

ధనరాజ్ మొహం నల్లబడిపోయింది. "నా నోరు పడిపోను" అన్నాడు. "ఒక్కగానొక్క గొంతు. దాని మీద నాను పడి తొక్కీసినాను. కుమారీ, నా గొంతు తీసెయ్యమ్మా. దానిది ఉంచీ, నాది తుడిసీ."

"అవదు మావా. రెండూ కలిసే పడినాయి. నీది తీస్తే అత్తది కూడా ఎల్లిపోతాది."

అతను రెండు చేతుల్లో మొహం దాచుకున్నాడు. ఏడ్చాడనే చెప్పాలి, దాచి చెప్పేదేముంది. అంత నిప్పు ముందు నిలబడ్డ మనిషి, జిరాక్సు షాపులో ప్లాస్టిక్ స్టూలు మీద కూచుని ఏడ్చాడు.

జీవరత్నం లేచి వచ్చి అతని చేతులు లాగేసింది. తెర వైపు చూడమంది. మొదటి వీడియో మళ్లీ పెట్టించింది. అతని గొంతు మోగుతున్నంతసేపూ ఊరుకుంది. అంత గట్టిగా పాడినవాడు ఎక్కడో ఒకచోట ఆగి ఊపిరి తీసుకోవాలి కదా. తీసుకున్నాడు. సరిగ్గా అప్పుడు ఆమె చూపుడువేలు పైకెత్తింది.

ఆ కాసింత సందులో, దూరంగా, సన్నగా, తేటగా జీవరత్నం పాడుతోంది.

మళ్లీ అతని గొంతు కమ్మేసింది. మళ్లీ ఊపిరి. మళ్లీ వేలు లేచింది. ఆమె గొంతు ఉంది. పోలేదు. పాట పొడుగునా అతను ఆగిన ప్రతిచోటా ఉంది. ధనరాజ్ స్పీకరుకి చెవి ఆనించి, నోరు తెరుచుకుని విన్నాడు. గుర్తొచ్చింది. అవును, ఇలాగే ఉండేది.

"మొత్తం ఒక ఫోల్డర్లో పెడతన్నాను, రెండు సీడీలు కూడా కొట్టిస్తాను" అంది కుమారి. "పేరేటి పెట్టమంటారు? జీవరత్నం పాటలు అని పెట్టీనా?"

జీవరత్నం కాదన్నట్టు తలూపి, కుమారి చెవిలో ఏదో ఊదింది. కుమారి నవ్వి టైపు చేసింది. ధనరాజ్ కూడబలుక్కుని చదివాడు. ముందు అతని పేరు ఉంది, తర్వాత ఆమె పేరు.

ఆ సాయంత్రం ప్రార్థనకి చాప వేసుకున్నారు. పాట ఉండాల్సిన చోటికి వచ్చేసరికి అతను ఎప్పట్లాగే తల దించుకుని కూచున్నాడు. జీవరత్నం జరిగి వచ్చి, కాస్త బాగా వినబడే అతని ఎడమ చెవికి నోరు ఆనించింది. కొలిమి దగ్గర మనుషులు మాట్లాడుకునేది అలాగే. ఆపరేషనైన తర్వాత ఆమె మాట అతనికి వినబడడం అదే మొదలు.

"పాడు బావా."

"పాడొద్దన్నావు కదే."

"అప్పుడన్నాను. ఇప్పుడు పాడమంటన్నాను. నాను అందిస్తాను."

మొదటి ముక్క అందించింది. ధనరాజ్ గొంతు సవరించుకుని ఎత్తుకున్నాడు. పక్కింటి కిటికీ తలుపు ధడాలున మూసుకుంది, అతనికి వినపడలేదు. ఆ పంక్తి పాడేసి ఊపిరి తీసుకోవడానికి ఆగాడు. ఆ సందులో జీవరత్నం గొంతు అతని చెవిలో తర్వాతి పంక్తి చెప్పింది.