మా ఇంటి సామాను అమ్మిపెట్టిన మావయ్య

మొన్న మంగళవారం పొద్దున క్లాంగ్ రేవు నుంచి కబురు వచ్చింది. లేలాంగ్ మావయ్య పోయాడట. లేలాంగ్ అంటే ఇక్కడ మలాయాలో వేలంపాట. ఇది చదివేవారిలో ఆయన పాట విన్నవాళ్ళు ఉండే ఉంటారు. మా ఇంటికి ఆయన వచ్చింది ఒక్కసారే, సామాను అమ్మిపెట్టడానికి. అయినా కబురు విన్నప్పటి నుంచి బడిలో పాఠం చెబుతున్నా మనసు నిలవడం లేదు.

మా నాన్న సుంగై సుమున్ దగ్గర తోటలో గుమాస్తా. జ్వరంతో పోయాడు. నెల తిరక్కుండా కొత్త గుమాస్తాకి ఇల్లు ఖాళీ చెయ్యాలి. క్లాంగ్‌లో మాకు దొరికింది ఒక్క గది. సామాను నువ్వే అమ్ముకోవచ్చు కదా అన్నారు ఇరుగుపొరుగు. "ఆయన కూకున్న కుర్చీకి నేను బేరం సెయ్యనేను" అంది అమ్మ. అందుకని దొరల బంగళాల్లో వేలం వేసే ఆయన్ని పిలిపించింది.

ఆయన పాటకు ముందురోజే వచ్చాడు. సామాను వంక చూడకుండా అమ్మ ఎదుట నేల మీద కూర్చున్నాడు.

"ఏటేటి ఇవ్వనేవో ముందు సెప్పమ్మా. అవి పక్కనెట్టేద్దాం. అమ్మేసినాక ఏడిస్తే నేనేటీ సెయ్యనేను."

అమ్మ నాన్న కళ్ళజోడు తెచ్చి చూపించింది. "ఇది సామానేటమ్మా, పెట్టెలో దాసుకో" అన్నాడు.

మర్నాడు తెలుగు, అరవం, మలాయి, చీనా భాషల్లో, మధ్యమధ్య మాట చివర మలాయివాళ్ళ ‘లా’ తగిలిస్తూ, ఏకధాటిగా పాట నడిపించాడు. ప్రతి వస్తువుకీ ఉన్న లోపమే ముందు చెప్పేవాడు. "ఈ బల్లకి ఓ కాలు పొట్టి, నాలాగే ఒంగి నిలబడతాది" అంటే జనం నవ్వేవారు, నవ్వుతూనే పాడేవారు. ఇంటివాళ్ళని మాత్రం వాకిట్లోకి రానిచ్చేవాడు కాదు. మన సామాను మీద పరాయివాళ్ళు బేరాలాడుతుంటే మనం చూడకూడదట. మమ్మల్ని వంటింట్లో కూర్చోబెట్టి తలుపు దగ్గరకు వేశాడు.

తప్పు అక్కడే జరిగింది. అది ఇక్కడ తెల్లదొరలు పెట్టిన ఎమర్జెన్సీ కాలం. అడవిలోని కమ్యూనిస్టులకు తిండి అందకూడదని తోట చుట్టూ ముళ్ళకంచె వేశారు. గుప్పెడు బియ్యం గేటు దాటినా జైలే. అమ్మకు తెలియక కాదు. కానీ ఖాళీ గిన్నె ఎవరి చేతికీ ఇవ్వని అలవాటు ఆమెది. బిందెలూ తపేలాలూ బయటికి అందిస్తూ ఒక్కోదాంట్లో నాలుగేసి గింజలు వేసింది. చేతులు వాటి పని అవి చేసుకుపోయాయి, మనిషి మాత్రం అక్కడ లేదు. నాకప్పుడు పదకొండేళ్ళు. పక్కనే ఉండి చూశాను, నాకూ తప్పని తోచలేదు.

గేటు దగ్గర పోలీసు ఒక బిందె బోర్లించాడు. బియ్యం రాలింది. ఇంకోటి బోర్లించాడు, అందులోనూ అంతే. వాటిని కొన్న చీనా కొట్టతను నావి కావంటూ రెండు చేతులూ ఊపాడు. ఎవరివని పోలీసు అరిచాడు. అమ్మ మా చంటి తమ్ముణ్ణి చంకనేసుకుని గేటు దాకా పరుగెత్తింది. ఆమె నోరు తెరిచేలోపే మావయ్య ముందుకు వెళ్ళి, నావే, నేనే వేశాను అని మలాయిలో చెప్పాడు. తర్వాత వెనక్కి తిరక్కుండానే తెలుగులో అన్నాడు:

"నువ్వు మాటాడకమ్మా. నువ్వెల్తే పిల్లలకి కూడెవరెడతారు?"

అమ్మ మాట్లాడలేదు. అందుకు ఆమెను చాలాకాలం తప్పుపట్టాను, ఇప్పుడు పట్టలేను.

ఆయన్ని నాలుగు నెలలు లోపల ఉంచారు. వేలం పర్మిట్ తీసేశారు. ఆ తర్వాత రేవులో గోదాముకి కాపలా కాస్తున్నాడని విన్నాం. మా గదికి అది ఎంతో దూరం కాదు. అయినా అమ్మ వెళ్ళలేదు. "ఏ మొకం ఎట్టుకుని ఎల్లను?" అనేది. మెర్డెకా నాడు, అంటే మలాయాకు స్వాతంత్ర్యం వచ్చిన రోజు, వీధంతా పండగ చేసుకుంటుంటే తలుపేసుకుని కూర్చుంది. మరుసటి ఏడు తనూ పోయింది. పోయేముందు నా చెయ్యి పట్టుకుని, "ఆయనకి సెప్పు" అంది. అంతే.

నెల తర్వాత వెళ్ళాను. రేకుల ఇంటి గుమ్మంలో కూర్చుని గొడుగు బాగుచేసుకుంటున్నాడు. బియ్యం వేసింది అమ్మేనని, మిమ్మల్ని తలుచుకోని రోజు లేదని చెప్పాను.

"ఏటి బియ్యం? నాకేటీ గేపకం నేదు. వదిలెయ్ లా" అన్నాడు, గొడుగు మీంచి కళ్ళెత్తకుండా. అబద్ధమని ఇద్దరికీ తెలుసు. గొడుగు ఊచ ఒకటి సరిచేసి, "మీ అమ్మ బాగున్నాదా?" అన్నాడు.

"పోయింది మావయ్యా. నెలయింది."

గొడుగు పక్కన పెట్టాడు. లేచి, ఇంటి వెనక నీళ్ళ తొట్టి దగ్గరకు వెళ్ళాడు. చావు కబురు విని కట్టుబట్టలతో తల మీద నీళ్ళు పోసుకునేది అయినవాళ్ళే. నేను గుమ్మంలోనే నిలబడి ఏడుస్తున్నాను. వెనకాల చెంబు తర్వాత చెంబు నీళ్ళు పడుతూనే ఉన్నాయి.