స్టాప్ నొక్కేదెవరు?

చెల్లెలి పెళ్లి బరాత్ కోసం ఈ రోజు లాప్‌టాప్‌లో డప్పు ట్రాక్ తయారుచేశాను. మెషీన్ మోతలా ఉండకూడదని డప్పు దెబ్బలు ఒక్కొక్కటీ కాస్త వెనక్కి జరిపి, వేగం తగ్గించాను. అచ్చం మనిషి కొట్టినట్టే వచ్చింది. లూప్‌లో పెట్టగానే అమ్మ వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చింది.

"ఎవలు పోయిండ్రు రా?"

"ఎవలు పోలేదే. చెల్లె బరాత్ డప్పు గిది."

"గిది సావు డప్పు రా! ఇగ నడుమల ఆపకు. ఆపితే ఆపినోల్లను, దానంతట అదే ఆగితే ఇంట్ల ఇంకొకల్ని తోలుకపోతదంటరు."

నవ్వాను గానీ, స్టాప్ మీద వేలు పడలేదు. ఇంతలో మా ఊరు సిరొంచ అంతా కరెంటు పోయింది. లాప్‌టాప్‌లో ఛార్జింగ్ అడుగంటుతోంది. పక్కనే కూర్చున్న చెల్లి, గోరింటాకు కాళ్లతో అదే దరువు వేస్తోంది.

నవ్వేవాళ్లు నవ్వండి. మీలో ఎవరికైనా ధైర్యముంటే, ఛార్జింగ్ అయిపోయేలోపు వచ్చి మీ చేత్తో ఆపండి.