చిరుతల చప్పుడు

మా బిడ్డ హైదరాబాద్ నుంచి పంపిన నల్ల డబ్బా సబ్బుపెట్టె కంటే కాస్త పెద్దది, అంతే. అది కరీంనగర్‌లో మా ఇంట్లోకి వచ్చినప్పటి నుంచి నాకు తిండి సయించలేదు.

ఇంటర్నెట్‌లో ఉన్న పాటను లాక్కొచ్చి నా పాత యాంప్లిఫయర్‌కు అందించడం దాని పని. ఫోన్‌లో మామూలుగా వినే పాటను బాగా కుదించి పంపిస్తారట. ఇది మాత్రం ఏదీ కత్తిరించకుండా పూర్తి పాటను తెస్తుందట, దాన్ని హై-రెస్ అంటారట. "రికార్డింగ్ చేసినకాడ ఎట్ల ఇనవడ్డదో గట్లనే ఇనవడ్తది బాపూ" అని మా బిడ్డ ఫోన్‌లో చెప్పింది. ఆదివారం వస్తానని, ఒకే పాటను రెండుసార్లు పెడతానని, అందులో మామూలుది ఏదో, హై-రెస్ ఏదో నేను చెప్పాలని కూడా అంది. నవ్వుతూనే అంది. నేనూ నవ్వాను. ఇన్నేళ్లుగా బడిలో లెక్కల పరీక్షలు పెడుతున్నవాణ్ణి, ఫోన్ పెట్టేశాక, నాకే పరీక్ష అని భయం పట్టుకుంది.

ఎందుకంత భయం అంటారా, మా ఇంటి సంగతి చెప్పాలి. నేను సిరిసిల్లలో మరమగ్గాల మధ్య పుట్టాను. మేం వాటిని సాంచాలంటాం. ఇంటి ముందు గదే కార్ఖానా. పొద్దున మొదలైతే కరెంటు పోయేదాకా ఆ చప్పుడు ఆగదు. అందులో మా బాపు, అంటే మా నాన్న, గోడకు ఎత్తుగా ఒక టేప్ రికార్డర్ బిగించుకున్నాడు. దానికి రెండు గుండీలుండేవి. ఒకటి లావు చప్పుడుకు, ఒకటి సన్న చప్పుడుకు. లావుదాన్ని బాపు పూర్తిగా తగ్గించేసేవాడు, ట్రెబుల్ అనే సన్నదాన్ని చివరిదాకా తిప్పేవాడు. డోలు మోత ఎంత పెంచినా సాంచాల మోత మింగేస్తుంది. గజ్జెలు, తాళాలు, వేణువు లాంటివే దాన్ని చీల్చుకొని చెవికి చేరతాయి. ఉద్యోగం వచ్చిన కొత్తలో ఈ యాంప్లిఫయర్, నిలువెత్తు స్పీకర్లు కొన్నప్పుడు నేనూ అదే చేశాను. సాంచా ఒక్కటి కూడా లేని ఇంట్లో, ట్రెబుల్ గుండీని చివరిదాకా తిప్పి, ఇక ముట్టుకోలేదు. పాట అంటే అట్లాగే ఉంటుందనుకున్నాను.

ఇంకో అలవాటు కూడా ఉంది. సాంచాల ఇళ్లలో ఎవరూ వెనుక నుంచి పిలవరు. పిలిచినా లాభం లేదు కాబట్టి దగ్గరికొచ్చి భుజం తట్టి, ఎదురుగా నిలబడి, అప్పుడు పెదవులు కదిలిస్తారు. గొంతు ఎత్తాల్సిన పని కూడా లేదు, పెదవులు చూసే మాట పట్టేస్తాం. నా భార్యది మెట్‌పల్లి దగ్గర వ్యవసాయం చేసుకునే కుటుంబం. పెళ్లైన కొత్తలో మా అత్తాకోడళ్లు, వదినా మరదళ్లు చప్పుడు లేకుండా ముచ్చట్లు పెట్టుకోవడం చూసి పొట్ట చెక్కలయ్యేలా నవ్వింది. తర్వాత తనూ నేర్చుకుంది. నా దగ్గరకు వచ్చినా భుజం తట్టి, ఎదురుకొచ్చే మాట్లాడుతుంది. మా ఇంటి కోడలు మా ఇంటి పద్ధతి పట్టుకుందని నాకు లోపల కొంచెం గర్వం కూడా ఉండేది.

బాపుకు చెవులు ఆ సాంచాల దగ్గరే పోయాయి. ఒక్కరోజులో పోలేదు. మొదట జనం ఆయనతో గట్టిగా మాట్లాడారు. తర్వాత క్లుప్తంగా మాట్లాడారు. ఆ తర్వాత పెళ్లిళ్లలో, చావుల్లో దూరం నుంచే దండం పెట్టి వెళ్లిపోవడం మొదలుపెట్టారు. ఆయన గోడకు ఆనుకొని కూర్చొని, అందరూ నవ్వినప్పుడు ఒక క్షణం ఆలస్యంగా నవ్వేవాడు. నాకు చావంటే అంత భయం లేదు, ఆ నవ్వంటే భయం.

అందుకని డబ్బాను ఆదివారంలోగా సరిగ్గా పనిచేయించాలని పట్టుబట్టాను. ఎరుపు, తెలుపు వైర్లతో యాంప్లిఫయర్ వెనుక కలిపాను. ఫోన్‌లో పాట పెట్టి బ్లూటూత్‌తో పంపిస్తే డబ్బా మీద పచ్చ లైటు వెలిగింది. పచ్చ అంటే మామూలు పాట, నీలం వెలిగితేనే హై-రెస్. మా బిడ్డకు ఫోన్ చేస్తే, ఫోన్ నుంచి పంపొద్దని, ఏ పాట కావాలో ఫోన్‌లో చూపించి, డబ్బానే సొంతంగా తెచ్చుకోనివ్వాలని చెప్పింది. అట్లా చేస్తే నీలం వెలిగింది కానీ పాట నిలవలేదు. రెండు చరణాలు పాడి ఆగిపోతుంది, మళ్లీ మొదలవుతుంది. ముందు గదిలోని రూటర్ నుంచి వైఫై లోపలి గదికి సరిగ్గా అందడం లేదని అర్థమయ్యాక, బజారుకెళ్లి పొడవాటి నెట్ వైరు తెచ్చి, గోడ వెంబడి మేకులు కొట్టుకుంటూ లాక్కొచ్చాను. గోడ సున్నమంతా రాలిందని నా భార్య మూతి ముడిచింది. పాట మాత్రం ఆగకుండా సాగింది.

అక్కడితో ఊరుకుంటే బాగుండేది. డబ్బాతో వచ్చిన కాగితంలో ఇంకొక మాట ఉంది. అసలు రుచి తెలియాలంటే యాంప్లిఫయర్ మీద 'డైరెక్ట్' బటన్ నొక్కాలట. అది నొక్కితే లావు గుండీ, సన్న గుండీ రెండూ పక్కకు తప్పుకుంటాయి, పాట ఉన్నదున్నట్టు స్పీకర్లకు వెళుతుంది. ఇన్నేళ్లలో నేనెన్నడూ దాన్ని నొక్కలేదు. నొక్కాను. పాట మీద ఎవరో గొంగడి కప్పినట్టయింది. డోలు వినపడుతోంది, గొంతు మందంగా వినపడుతోంది, మెరుపన్నదే లేదు.

తప్పు వైర్లదే అనుకున్నాను. మార్చాను. వెనుక తుప్పు పట్టిందేమో అని స్పిరిట్‌తో తుడిచాను. రూటర్ ఆపి మళ్లీ పెట్టాను. నెట్ కంపెనీ అతన్ని పిలిపిస్తే, చూసి, లైన్ బ్రహ్మాండంగా ఉందని చెప్పి వెళ్లాడు. అతని మీద కోపమొచ్చింది. ఏదో ఒకటి పాడైందని చెబితే అతని సొమ్మేం పోయింది? నీలం లైటు నా ముఖం మీదే నిలకడగా వెలుగుతోంది. పాట మాటిమాటికీ ఆగిపోయిన రోజులే నయమనిపించింది. అప్పుడు తప్పు ఎవరిదో కనీసం తెలిసేది.

అప్పుడే వద్దన్నా ఒక్కొక్కటి గుర్తు రావడం మొదలైంది. తొమ్మిదో తరగతిలో వెనుక బెంచీ ఆడపిల్లలు జవాబు చెబితే, బోర్డు దగ్గరికొచ్చి చెప్పమంటున్నాను. ఫ్యాన్ల మోత అని తిట్టుకుంటున్నాను. ఇంట్లో కుక్కర్ ఈల వేసిందా లేదా అని నా భార్యను అడుగుతున్నాను. కుక్కర్ పాతదైందనుకున్నాను.

శనివారం మధ్యాహ్నం, ఆ పాటనే మళ్లీ పెట్టుకొని తల పట్టుకొని కూర్చున్నాను. మా ఊళ్లలో భజనల్లో చిరుతలు వాయిస్తారు కదా, వేళ్ల మధ్య పట్టుకొని ఆడించే చెక్కలు, చిన్న చిన్న బిళ్లలుంటాయి వాటికి, అలాంటి పాట అది. నా భార్య చాటలో బియ్యం పట్టుకొని గడపలో నిలబడింది. నేను పాట పెడితే వంటింట్లోకి వెళ్లిపోయే మనిషి ఆమె. ఆ రోజు అక్కడే నిలబడిపోయింది. తర్వాత వచ్చి భుజం తట్టి, ఎదురుగా కూర్చుంది.

"ఇయ్యాల మంచిగున్నది" అంది. "చిరుతలు ఎంత ముద్దుగ ఇనవడ్తున్నయి."

ఎక్కడ అని అడిగాను. ఆమె చూపుడు వేలితో గాలిలో దరువు వేసి చూపించింది. ఇక్కడ, ఇక్కడ, మళ్లీ ఇక్కడ. వేలు కదులుతోంది. ఆ వేలి కింద నాకేమీ లేదు. లేచి డైరెక్ట్ బటన్ మళ్లీ నొక్కి ఆపేశాను. వెంటనే ట్రెబుల్ చివరిదాకా తిరిగి వచ్చింది, చిరుతలు సన్నగా, గీసినట్టు చెవికి తగిలాయి. హమ్మయ్య అనుకుంటూ ఆమె వైపు చూస్తే, ఆమె కళ్లు చికిలించి చెవి మూసుకుంది. ఇన్నేళ్లూ నీకు పాటలంటే ఇష్టం లేదనుకున్నానే అన్నాను. ఇష్టమేనంది, నేను పెట్టే పాటలే చెవిలో సూదులు గుచ్చినట్టుంటాయని, అందుకే వంటింట్లోకి వెళ్లేదాన్నని చెప్పింది.

పాట ఆపేశాను. ఆమెను వంటింటి గడప దగ్గర నిలబడి, రోజూ మాట్లాడినట్టే ఏదైనా అడగమన్నాను. నేను గోడ వైపు తిరిగి కూర్చున్నాను. పైన ఫ్యాన్ తిరుగుతోంది. గోడ మీద నేను కొట్టిన మేకులు చూస్తూ కూర్చున్నాను. ఎంతకీ మాట రాలేదు. ఏం అడగాలో తోచక ఆలోచిస్తోందనుకున్నాను. "అడుగు మరి" అన్నాను. అయినా రాలేదు. విసుగొచ్చి వెనక్కి తిరిగాను. ఆమె కొంగుతో కళ్లు తుడుచుకుంటోంది.

ఆమె వచ్చి భుజం తట్టింది, ఎదురుగా నిలబడింది.

"చాయ్ పెట్టాల్నా అని అడిగిన" అంది. "మూడుసార్లు అడిగిన."

పెట్టమన్నాను. చాయ్ తాగుతూ, ఎప్పటి నుంచి అని అడిగాను. మా బిడ్డ బడికి పోయే రోజుల నుంచే అంది. వెనుక నుంచి పిలిస్తే నేను పలకడం లేదని మొదట అలిగిందట, తర్వాత అర్థమైందట. అంటే ఆమె పట్టుకున్నది మా ఇంటి పద్ధతి కాదు, నన్ను. పెదవులు చదివే అలవాటు వల్ల, ఎదురుగా ఎవరున్నా అంతా వినపడుతోందని నేను మోసపోతూ వచ్చాను.

"నాకెందుకు చెప్పలే?"

"మీ బాపు ముచ్చట చెప్పుకుంట ఒకనాడు ఏడ్చిండ్రు గదా. ఇగ నేనేం చెప్తును" అంది. "పిల్లకు గూడ గప్పుడే చెప్పిన. బాపును ఎన్కనుంచి పిలువకు, ముంగటికి పోయి మాట్లాడు అని."

నాకు ఆమె మీద కోపం వచ్చింది. అంతకంటే ఎక్కువ ఏడుపు వచ్చింది. రెండూ చాయ్‌తో కలిపి మింగాను. సోమవారం చెవుల డాక్టర్ దగ్గరికి వెళదామంది. సరే అన్నాను.

ఆదివారం పొద్దున డైరెక్ట్ బటన్ నేనే నొక్కి, నీలం లైటు వెలిగాక, స్పీకర్ల ముందు కూర్చున్నాను. మా బిడ్డ ఎప్పుడు ఆటో దిగిందో, ఎప్పుడు గేటు తీసిందో నాకు తెలియదు. భుజం మీద చెయ్యి పడింది. చిన్నప్పటి నుంచి అదే చెయ్యి, అదే చోట. దాన్ని మారాం అనుకునేవాణ్ణి. మా బిడ్డ చుట్టూ తిరిగి వచ్చి, నా ఎదురుగా నేల మీద కూర్చొని, ఒకే పాటను రెండుసార్లు పెట్టి, నా ముఖంలోకి చూస్తూ అడిగింది.

"తేడా తెలుస్తుందా బాపూ?"

నవ్వేయబోయాను. ఆ నవ్వు ఎవరిదో గుర్తొచ్చి ఆగాను.

"తెలుస్తలేదు బిడ్డా. చిరుతలు నాకు ఇనవడ్తలేవు. మీ అవ్వను పిలువు, గామె ఇంటది."

అది వాళ్ల అమ్మను పిలిచింది. పిలిచినట్టు పెదవులను బట్టి తెలిసింది. ఇద్దరూ నాకు ఎదురుగా కూర్చున్నారు. పాట మళ్లీ మొదలయ్యాక, చిరుతలు వచ్చిన ప్రతిచోటా నా భార్య నా మోకాలి మీద వేలితో కొట్టింది.