కొత్త కార్డుకు కుంకుమ బొట్టు

శుక్రవారం సాయంత్రం. ఇవాళ జరిగింది మరిచిపోకముందే రాస్తున్నాను.

చింతపల్లిలో మా మిరియాల రైతుల సంఘం లెక్కలు నేనే చూస్తాను. గోదాములో ఏ బస్తా ఎవరిదో చెప్పే వివరాలన్నీ కంప్యూటర్‌లో ఒకే డిస్కులో ఉన్నాయి. అదేమో ఈ మధ్య గరగరలాడుతోంది. అందుకే ప్రతి లెక్కనూ రెండు డిస్కుల్లో దాచే రెయిడ్ కార్డు తెప్పించాం. ఘాట్ రోడ్డెక్కి మెకానిక్ వచ్చి బిగించాడు. కంప్యూటర్ దాన్ని గుర్తించలేదు.

"కార్డు పాడైపోనాది మామ్మగారూ, ఏరేది తెప్పించండి," అన్నాడు.

తీయించి చూశాను. స్లాటులో దిగే బంగారు రంగు పళ్ళ నిండా నూనె కలిపిన కుంకుమ!

"కొత్త సామాను కదేటి! బొట్టెట్టకుండా ఎలాగ బిగిత్తాం?"

"బొట్టు కంప్యూటర్ పెట్టెకి పెట్టు నాయనా, పళ్ళకి కాదు."

వెంటనే వాటి మీద ఉమ్మి, మెడలోని తువ్వాలుతో తోమి, మళ్ళీ గుచ్చాడు. ఛీ! అది పనిచేసింది. లెక్కలు రెండో డిస్కుకు ఎక్కడం మొదలైంది. నాకు అదే మరీ అసహ్యంగా ఉంది.

మీ ఊళ్ళో యంత్రాలకు బొట్టు ఎక్కడ పెడతారో చెప్పండి. ఇక్కడ జరగాల్సినవి ఇవి:

1. లెక్కలన్నీ ఎక్కాయని నేను చూసేదాకా పాత డిస్కును ఎవరూ ముట్టుకోకూడదు.
2. ఆ తర్వాత కార్డు తీసి స్పిరిట్‌తో తుడవాలి.
3. కుంకుమ భరిణె నా దగ్గరే ఉంటుంది.
4. ఆ తువ్వాలు మళ్ళీ మా గుమ్మం దాటి లోపలికి రాకూడదు.