గోడ మీద ఎర్ర నక్కలు

మా బడికి డ్రాయింగు సారు వచ్చేదాకా నక్క ఏ రంగులో ఉంటుందో మాకెవరికీ అనుమానం లేదు. బోధన్ పక్కన చెరుకు తోటల మధ్య పెరిగిన పిల్లలం. మా ఊళ్ళో నక్కను చూడని మనిషి ఉన్నాడంటే వాడింకా ఉయ్యాలలో ఉన్నట్టు లెక్క. చెరుకుకు తీపి ఎక్కగానే నక్కలు గుంపుగా దిగి, గడలను మొదట్లో కొరికి, రసం పీల్చి, పిప్పి మాకు వదిలేసి పోయేవి. ఏ తోట పక్వానికి వచ్చిందో చక్కెర ఫ్యాక్టరీ వాళ్ళకంటే వాటికే ముందు తెలిసేది. మా బాపు పని వాటిని తరమడం. ఊరి పెద్ద రైతు చెరుకుకు ఆయన కావలి. నక్కలతో ఆయనకు ఎంత చనువంటే, ఒక్కోదాన్ని ఒక్కో తీరుగా తిట్టేవాడు.

డ్రాయింగు సారు కోస్తా వైపు నుంచి వచ్చారు. రాష్ట్రం ఒకటై అప్పటికి కొన్నేళ్ళే అయింది. మా మాట మోటు, మా నీళ్ళు ఉప్పన, మా ఎండ మరీ ఎక్కువ అని ఆయన రోజూ మాకే చెప్పేవారు, పదేళ్ళ పిల్లలం మేమేదో పూనుకొని వాటిని బాగుచేస్తామన్నట్టు. ఆయన దగ్గర దొరల దేశంలో అచ్చయిన ఒక పుస్తకం ఉండేది. ఒక పేజీలో వట్టి గీతలతో బొమ్మ, పక్క పేజీలో అదే బొమ్మ రంగులతో. పిల్లలు చూసి రంగులు నింపాలి. సారు ఆ పుస్తకాన్ని తువాలలో చుట్టి తెచ్చేవారు. చేతులు కడుక్కొని వస్తేనే చూపిస్తాననేవారు. కడుక్కొని వచ్చినా దూరం నుంచే చూపించేవారు.

ఆ ఏడు ఇన్‌స్పెక్టరు గారు వస్తున్నారని కబురు అందింది. తల్లిదండ్రులను కూడా పిలిచి, పిల్లలు చేసిన బొమ్మలు గోడకు అంటించి చూపించాలని సారు నిర్ణయించారు. ఏం బొమ్మలు? కాగితం నక్కలు. పుస్తకంలో అన్నిటికంటే తేలికైన బొమ్మ అదే మరి. మూడు మూలల మొహం, నిక్కిన చెవులు, ఇంత తోక. మా తరగతిలో ముప్ఫై ఆరుగురం. ముప్ఫై ఆరు నక్కలు వరుసగా కూర్చొని ఇన్‌స్పెక్టరు గారికి స్వాగతం చెప్పాలట.

ఎవరి సంగతి ఎలా ఉన్నా, నాకు ఆ రోజు చాలా ముఖ్యం. నాది ఐదో తరగతి. మా బడిలో ఏడు దాకా ఉంది కానీ మా ఇంట్లో మాత్రం నా చదువు ఐదు దగ్గరే ఆగేలా ఉంది. మా అవ్వ, అంటే మా అమ్మ, బీడీలు చుట్టేది.

"ఐదు సదివింది సాలదా? ఆడిపిల్ల కలెక్టర్ అయితదా? నా పక్కకు కూసుంటే రోజుకు ఇంకిన్ని బీడీలన్న అయితయి" అనేది.

బాపు అటూ ఇటూ చెప్పలేదు. "బడిల ఏం నేర్పుతున్నరో నేనే వచ్చి నా కండ్లతోని సూస్త. సూసినంక చెప్త" అన్నాడు. ఆయన చూడ్డానికి వచ్చేది ఆ రోజే. అంటే నా ఆరో తరగతి ఆ నక్కల చేతిలో ఉంది.

మొదటి రోజు కత్తిరింపుల్లో బడి కత్తెరతో మా వాళ్ళు తీసిన నక్కల్లో కొన్ని మేకలయ్యాయి, కొన్ని మా ఊరి సర్పంచు గారయ్యారు. సారు తల పట్టుకున్నారు. నేను మరుసటి రోజు ఇంటి నుంచి అవ్వ కత్తెర తెచ్చాను. బీడీ ఆకు కత్తిరించేటప్పుడు ఆకు మీద కొలతకు చేసిన రేకు ముక్క పెట్టి, దాని అంచు వెంట కత్తెర నడిపిస్తాం. వెయ్యి ఆకులు కత్తిరించినా ఒకటే తీరుగా వస్తాయి. పాత నూనె డబ్బా రేకును నక్క ఆకారంలో కత్తిరించి, దాన్ని కాగితం మడతల మీద పెట్టి, ఒక పూటలో ముప్ఫై ఆరు నక్కలను తీసి సారు బల్ల మీద పెట్టాను. ముప్ఫై ఆరూ కవల పిల్లలే. సారు వాటిని హెడ్‌మాస్టరు గారికి చూపించి, "పిల్లలకు కత్తెర పని నేర్పించానండి" అన్నారు. నేర్పించారు కాబోలు, నాకే గుర్తు లేదు.

ఇక రంగులు. ఎవరి నక్కకు వాళ్ళు రంగు వేసుకోవాలి. నేను పొయ్యిలో బూడిద తీసి, బంక నీళ్ళలో కలిపి, వీపు మీద కొంచెం బొగ్గు రుద్ది, కాళ్ళ దగ్గర ఇటుక పొడి అద్దాను. నోట్లో ఒక చెరుకు ముక్క కూడా పెట్టాను. అచ్చం మా తోటలో తిరిగేదే. సారు దాన్ని రెండు వేళ్ళతో ఎత్తి పట్టుకున్నారు.

"ఇదేమిటమ్మా?"

"నక్క సారూ."

"నక్క ఎర్రగా ఉంటుంది." పుస్తకం తెరిచి దూరం నుంచి చూపించారు. అందులో నిప్పు రంగు నక్క ఒకటి మంచులో నిలబడి ఉంది.

"మా బాపు చెరుకు కావలి సారూ. నేను దినాం సూస్త. బూడిద లెక్కనే ఉంటది."

"నువ్వు చూసింది కుక్కనై ఉంటుంది" అన్నారు సారు. ఎర్ర సిరాతో నా కాగితం పైమూలలో గుండ్రంగా ఇంత సున్న పెట్టారు. ఆయన గీసిన వాటిల్లోకెల్లా గుండ్రంగా కుదిరింది అదొక్కటే. మా బాపు కుక్కకూ నక్కకూ తేడా తెలియకుండానే ఇన్నేళ్ళు కావలి కాశాడన్నమాట! ఒళ్ళు మండిపోయింది. ఏడుపు కూడా వచ్చింది కానీ ఆయన ముందు ఏడవలేదు.

ఇంతలో బడి మొత్తానికి ఉన్న ఒక్క ఎర్ర రంగు మూడో నక్క తోక దగ్గరే అయిపోయింది. సారు దిగాలుపడ్డారు. నాకు బుద్ధి ఉంటే నోరు మూసుకొని కూర్చోవాల్సింది. "పసుపుల సున్నం కలిపితే ఎర్రగైతది సారూ" అన్నాను. మోర్తాడ్‌లో ఉండే మా చిన్నమ్మ పంపిన పసుపూ, అవ్వ తమలపాకుల డబ్బాలోని సున్నమూ తెచ్చి నేనే కలిపి ఇచ్చాను. కుంకుమలా రంగు తేలింది. నన్ను పొడవడానికి నేనే కత్తి నూరి ఇవ్వడమంటే ఇదే. గోడ మీద ముప్ఫై అయిదు ఎర్ర నక్కలు ఎక్కాయి. నా నక్క నా సంచిలో ఉండిపోయింది.

ఆ రోజు ఇన్‌స్పెక్టరు గారు వచ్చి గోడ చూసి, "చాలా బాగున్నాయి, జీవం ఉట్టిపడుతోంది" అని, కోడికూర వాసన వచ్చిన వైపు వెళ్ళిపోయారు. తర్వాత బాపు వచ్చాడు. ఉతికిన ధోతి కట్టుకొని, రుమాలు చుట్టుకొని, చెప్పులు బయట విడిచి, గోడ ముందు చాలాసేపు నిలబడ్డాడు.

"గివేంది సారూ?"

"నక్కలండీ."

"ఏ దేశంయి?"

"పుస్తకంలో ఇలాగే ఉందండీ" అన్నారు సారు నవ్వుతూ.

బాపు నవ్వలేదు. నా వైపు తిరిగాడు. "నడువు బిడ్డా ఇంటికి. నక్కనే ఎరుకలేనోళ్ళు నీకు సదువేం చెప్తరు? మీ అవ్వ చెప్పిందే నయం."

ఇంకేం చేయాలో తోచక సంచిలోంచి నా నక్కను తీసి ఆయన చేతిలో పెట్టాను. బాపు దాన్ని వెలుతురుకు పట్టుకొని చూశాడు. మొహం మెల్లగా విచ్చుకుంది.

"ఓరి దీని! గిది మన తూర్పు మడిల తిరిగేదే గదా. చెరుకు గడ గూడ పట్టుకపోతున్నది దొంగది." కాసేపు చూసి, "తోక కొసకు నలుపు జెర తక్కువైంది" అని తప్పు కూడా పట్టాడు. ఆయన వేలు పైకి జరిగి ఎర్ర సున్న మీద ఆగింది. "గీ గుండ్రంది ఏంది?"

బాపుకు చదువు రాదు. "చంద్రుడు" అన్నాను.

"ఎర్రగున్నడేంది?"

"ఇప్పుడిప్పుడే పొడుస్తున్నడు."

బాపు సున్న మీంచి వేలు తీశాడు. కాగితం నాకిచ్చి సారు వైపు చూశాడు. "సారూ, రేపు తెల్లారంగ చెరుకు కాడికి రా. సూపిస్త."

సారు వస్తారని నేను అనుకోలేదు. వచ్చారు. తెల్ల పంట్లాం మోకాళ్ళ దాకా మడిచి, ఒక చేతిలో గొడుగు, ఇంకో చేతిలో తువాలలో చుట్టిన ఆ పుస్తకం. మేం ముగ్గురం గట్టు మీద కూర్చున్నాం. కొంతసేపటికి చెరుకు వరుసల్లోంచి ఒక నక్క బయటికి వచ్చింది. మమ్మల్ని చూసింది, భయపడాల్సిన మొహాలేమీ కనబడలేదు కాబోలు, నింపాదిగా గట్టు దాటి పోయింది. దుమ్ములో దుమ్ములా ఉంది. సారు పుస్తకం తెరవలేదు.

"బూడిద రంగే" అన్నారు.

"పొద్దుగాలనే నక్క మొకం సూసినవ్ సారూ. నీకిగ అంత మంచే అయితది" అన్నాడు బాపు.

ఇంటికొచ్చి అవ్వతో ఒక్కటే మాట చెప్పాడు. "సారుకు తెల్వది. తెల్వదని వచ్చి సూసిపోయిండు. గసుంటోని కాడ పిల్ల సదువొచ్చు." అవ్వ మూడు రోజులు మాట్లాడకుండా బీడీలు చుట్టింది. నాలుగో రోజు నా బడి గౌను ఉతికి ఆరేసింది.

అంతా మంచే అయిందనుకుంటారేమో. ఇన్‌స్పెక్టరు గారు మెచ్చిన ఎర్ర నక్కలను తీసేయడం మర్యాద కాదని సారు వాటిని అలాగే ఉంచారు. నా నక్కను కూడా అంటించారు, తలుపు వెనక. తలుపు వేస్తేనే కనిపిస్తుంది, బడి నడిచినంతసేపు తలుపు తీసే ఉంటుంది. సున్న మాత్రం సున్నగానే ఉంది. ఒకసారి వేసిన మార్కు దిద్దడం పద్ధతి కాదట. అయితే గోడ మీద నక్కలకు ఎండ తగిలింది. పసుపు రంగు కదా, ఎండకు ఆగుతుందా? వేసవి సెలవుల నాటికి ముప్ఫై అయిదూ వెలిసి, మా తోట నక్కల్లా మట్టి రంగుకు వచ్చాయి. బుద్ధి వచ్చినట్టుంది.

అయిదుతో ఆగాల్సిన నా చదువు ఏడు దాటి, పది దాటి, నిజామాబాద్‌లో ట్రైనింగు దాకా పోయింది. డెబ్బైల్లో నాకు పంతులమ్మ ఉద్యోగం వచ్చింది, నవీపేట్ దగ్గర ఒక చిన్న బడిలో. మొదటి రోజు బడికి పోయే ముందు అన్నం తింటుంటే బాపు నా ఎదురుగా వచ్చి కూర్చున్నాడు.

"పిల్లలకు సున్నలేస్తవా బిడ్డా?"

"తప్పు చేస్తే ఎయ్యొద్దా?"

"ఏయి. గని చంద్రుడని చెప్పేటట్టు ఏయకు."

నా చేతిలో ముద్ద అలాగే ఆగింది. "నీకు తెల్సా బాపూ?"

"ఫ్యాక్టరీల చెరుకు తూకం చీటీ మీద ఎన్ని సున్నలు సూడలేదు నేను? సదువు రాదు గని, సున్న ఎరుకలేదా?"

"మరి ఆనాడు ఊకున్నవేంది?"

బాపు లేచి రుమాలు దులిపి భుజాన వేసుకున్నాడు. "సున్న సారుది. నక్క నీది. నేను నక్కను సూసిన" అని చెరుకు దిక్కు పోయాడు.

కూరలో కారం ఎక్కువైందని అవ్వ మీద నెపం పెట్టి నేను కంచం ముందు కూర్చొని ఏడ్చాను.